అరుదైనదా? చెక్కుచెదరనిదా?

కడచిన మాసమున వెండిపాత్రలను భద్రపఱచు విధమును గూర్చి ఈ శీర్షికలో వ్రాసియుంటిమి. దానిని చదివి యొక సోదరి మాకిట్లు జాబు వ్రాసిరి: "మా యత్తగారు దాచిన పాతనాణెములు కొన్ని యింటనున్నవి. వానికి తోడుగా మఱికొన్ని సేకరింపవలెనని నా కోరిక. నెలనెల మిగుల్చుకొను సొమ్ము కొంచెమే. ఆ సొమ్ముతో అరిగిపోయినను అరుదైన నాణెము నొక్కటి కొనుట మేలా? లేక అంతట దొరకునవే యయినను క్రొత్తవానివలె నిగనిగలాడు నాణెములను నాలుగు కొనుట మేలా?"

ప్రశ్న చిన్నదే. కాని నాణెములు సేకరించువారికందఱికిని ఏదో యొకనాడు ఎదురగు చిక్కు ఇదియే. ఒక్క నాణెమునైనను వెలయిచ్చి కొనదలచని గృహిణులకును దీనితో పనియున్నది. ఏలయన, పాతనాణెము లేని పాతయిల్లు మన దేశమున లేదు. దేవుని పెట్టెలో పసుపుకుంకుమలు పూసిన విక్టోరియారూపాయి, ఇనుపపెట్టె అడుగున గుడ్డమూటలో చిల్లికాణీలు, మెడలోని కాసులపేరులో బంగారుకాసులు, వీని నన్నింటిని తరతరములుగా కాపాడుచున్నది స్త్రీలే. తెలియక తోముటచేతను, చూడక తూకమునకు వేయుటచేతను ఇవి చెడుట కూడ మన చేతిమీదుగనే జరుగుచున్నది. కావున ఈ మాసమున ఈ ప్రశ్ననే విచారింపదలచితిమి.

మొదట అరుదుదనమనగా నేమో తేల్చుకొందము. పాతదైన ప్రతినాణెమును అరుదైనదని పెక్కుమంది తలంచెదరు. అది సరికాదు. శాతవాహనుల సీసపునాణెములు, మిశ్రలోహపు నాణెములు తెలంగాణములోని పెదబంకూరు త్రవ్వకములలో వేలకొలదిగా బయటపడినవి. వానికి ఇంచుమించు రెండువేల యేండ్ల వయసున్నను, వానిలో సామాన్యమైన రకములు అరుదైనవి కావు. 1939వ సంవత్సరపు వెండిరూపాయి మన తాతముత్తాతలు చేతబట్టినదే. అయినను అది అరుదైనది. వయసు వేఱు, అరుదుదనము వేఱు.

అరుదుదనము మూడు విధములుగా కలుగును. టంకసాలలో కొలదిగా ముద్రింపబడుట ఒకటి. విస్తారముగా ముద్రింపబడియు, పిమ్మట కరగింపబడుటచే కొలదిగా మిగులుట రెండవది. నాణెములు విస్తారముగనే మిగిలియుండియు, చెక్కుచెదరనివి మాత్రము కొలదిగా నుండుట మూడవది. ఈ మూడవదానిని మఱచువారు పెక్కుమంది. మన సోదరి యడిగిన ప్రశ్నకు మూలమంతయు అందే యున్నది.

మనయిండ్లలో తఱచుగా కనబడు వెండిరూపాయలనే ఉదాహరణముగా గైకొందము. 1835వ సంవత్సరము మొదలుకొని బ్రిటిషువారు దేశమంతటికిని ఒక్కతీరు రూపాయిని ముద్రించిరి. దాని బరువు సరిగా ఒక తులము, అనగా 11.66 గ్రాములు. మన పెద్దలు బంగారము తూచుటకు త్రాసులో రూపాయిని వేయుట ఇందువలననే. పండ్రెండుపాళ్లలో పదునొకండుపాళ్లు వెండి. 1940వ సంవత్సరమున వెండి సగమునకు తగ్గింపబడినది. 1947వ సంవత్సరపు రూపాయి నికెలు లోహముతో చేసినది. అందు వెండి లేనేలేదు. నైజాము ప్రభుత్వమువారి చార్మినారు రూపాయి దీనికంటె కొంచెము తేలిక, బరువు 11.18 గ్రాములు, అందు వెండియు కొంత తక్కువ.

ఈ తులపు రూపాయలలో మూడు సంవత్సరముల వానిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. మొదటిది 1918. అది మొదటి ప్రపంచయుద్ధకాలము. రూపాయలకు గిరాకి మిక్కుటమై వెండి చాలక పోయినది. ఆ యేటనే అమెరికాలో పిట్‌మన్ చట్టము చేయబడి, ఆ దేశపు ఖజానాలోని వెండిడాలర్లు 27 కోట్లకు పైగా కరగింపబడినవి. ఆ వెండిలో అధికభాగము మన దేశమునకు వచ్చినది. కలకత్తా, బొంబాయి టంకసాలలు రెండును ఆ యేటి రూపాయలను కోట్లకొలదిగా ముద్రించినవి. కావుననే 1918 రూపాయి నేటికిని ఊరూర దొరకుచున్నది.

రెండవది 1911. అయిదవ జార్జి చక్రవర్తి బొమ్మతో వెలువడిన మొదటి రూపాయి ఇదియే. రాజు ధరించిన వస్త్రముమీది హారములో ఏనుగు బొమ్మ యుండవలెను. చెక్కినవారు దాని తొండమును పొట్టిగా చెక్కుటచేతను, కాళ్లు కూడ పొట్టివగుటచేతను చూచువారి కది పందివలె కన్పట్టినది. ప్రజలలో, ముఖ్యముగా మహమ్మదీయులలో, అలజడి పుట్టినది. ముద్రింపబడినవి సుమారు 94 లక్షలు కాగా, ప్రజల చేతికి వచ్చినవి సుమారు 7 లక్షలు మాత్రమే. తక్కినవానిని ప్రభుత్వమువారు కరగించివేసిరి. 1912 నుండి ఏనుగును స్పష్టముగా దిద్దించిరి. 1911 నాటిదానిని నేటికిని పందిరూపాయి యని పిలుచుచున్నారు. ఇది అపురూపము కాదు కాని, సులభముగా దొరకునదియు కాదు.

మూడవది 1939. ఆఱవ జార్జి బొమ్మ గల నిండువెండి రూపాయలలో ఇది కడపటిది. రెండవ ప్రపంచయుద్ధము ముంచుకొనిరాగా ఈ నాణెము మిక్కిలి కొలదిగానే లోకములో మిగిలినది. మూడు నాణెములకును తూకము ఒక్కటే, వెండి ఒక్కటే. కంసాలి త్రాసులో మూటికిని ఒక్కటే వెల. సేకరించువారి దృష్టిలో మాత్రము మూటికిని హస్తిమశకాంతరము.

ఇక రెండవ విషయము, నాణెపు స్థితి. సేకరించువారు నాణెపు స్థితిని మెట్లుమెట్లుగా విభజించిరి. గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ అని వాని పేళ్లు. ఈ పేళ్లతో మోసపోరాదు. గుడ్ అనగా మంచిదని యర్థమైనను, నాణెముల భాషలో అది మిక్కిలి అరిగిపోయినది. బొమ్మ యొక్క వెలుపలిగీత, అక్షరములు మాత్రమే మిగిలినది. ఫైన్ అనగా సగము వివరములు నిలిచినది. అన్‌సర్క్యులేటెడ్ అనగా చేతులు మాఱక టంకసాలనుండి వచ్చిన తీరున నున్నది. విలియం షెల్డన్ అను అమెరికా మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1949వ సంవత్సరమున ఆ దేశపు పాత రాగిసెంట్లను గూర్చి యొక గ్రంథమును ప్రకటించి, అందు 1 మొదలు 70 వఱకు అంకెలతో స్థితిని కొలుచు పద్ధతిని పెట్టెను. కేవలము ఆనవాలు పట్టదగినదానికి 1, లోపమేలేనిదానికి 70. డెబ్బదవ మెట్టు నాణెము మొదటిమెట్టు దానికంటె డెబ్బదిరెట్లు వెలచేయవలెనని ఆయన లెక్క. ఆ వెలలలెక్క నిలువలేదు గాని, ఆ యంకెలు మాత్రము నేటికిని ప్రపంచమంతట వాడుకలో నున్నవి.

స్థితిని కనిపెట్టుటకు శాస్త్రజ్ఞానము అక్కఱలేదు. బియ్యములో మట్టిబెడ్డను పట్టు కన్ను చాలును. నాణెముమీద ఎత్తుగానున్న భాగమే ముందుగా అరుగును. విక్టోరియా రూపాయిలో చెంప, చెవికడనున్న జడ, రవికెమీది పూలపని చూడుడు. జార్జి రూపాయిలో కిరీటము, చెవి, వస్త్రముమీది ఏనుగు చూడుడు. వెనుకవైపున పూలతీగెల కొనలు నిలిచియున్నవా అని చూడుడు. పిమ్మట దీపమునకు ఎదురుగా నాణెమును మెల్లగా త్రిప్పుడు. చేతులు మాఱని నాణెముమీద వెలుగు బండిచక్రపు ఆకులవలె చుట్టును తిరుగును. తోమిన నాణెముమీద వెలుగు తిరుగదు. అంతట ఒక్కతీరుగా తెల్లగా మెఱయును. సన్నని గీతలు ఒక్కదిక్కునకే పోవుచు కనబడును. మెఱపు వేఱు, టంకసాల నిగారింపు వేఱు.

ఇప్పుడు అసలుచిక్కునకు వత్తము. అరుదుదనమును, స్థితియు ఒక్కనాణెములో కూడివచ్చిన వాదమే లేదు. కాని అట్టిదాని వెల మనవంటివారికి అందదు. కావున ఒకదానికొఱకు మఱియొకదానిని కొంత వదలుకొనక తప్పదు. దేనిని, ఎంతవఱకు వదలుకొనవచ్చును?

దీనికి సమాధానము మనయింటిలోనే యున్నది. మామిడికాయల కాలమున ఊరగాయకు కాయలు కొనునపుడు మచ్చగలదానిని మనము ముట్టుదుమా? బండెడు కాయలలో ఏఱి, గట్టిదానిని, మచ్చలేనిదానిని మాత్రమే బుట్టలో వేసికొందుము. అదే కార్తికమాసములో వేవిళ్లబిడ్డ పుల్లమామిడి కావలెనని యడిగినచో? ఊరంతయు వెదకగా దొరకిన ఒక్కకాయకు మచ్చయున్నను కన్నులకద్దుకొని తెత్తుము. కాని కుళ్లినదానిని మాత్రము ఏ కాలమునను తేము. నాణెముల విషయమునను న్యాయ మిదియే.

కావున నాణెమును చేతబట్టినపుడు రెండు ప్రశ్నలు వేసికొనవలెనని మా యభిప్రాయము. మొదటిది: "ఓపికపట్టినచో ఇంతకంటె మంచిది నా కంటబడునా?" రెండవది: "దీనిమీది లోపము కాలము చేసినదా, చేయి చేసినదా?"

మొదటి ప్రశ్నను మన మూడు రూపాయలకు వర్తింపజేయుడు. 1918 రూపాయి అరిగినది దొరకినచో కొనకుడు. నేడు కాకున్న రేపు, ఈ యంగడిలో కాకున్న ఆ యంగడిలో, చక్కని నాణెము తప్పక దొరకును. ఇక్కడ స్థితియే సర్వము. 1911 రూపాయి యైనచో కొంత సర్దుకొనవచ్చును. జుట్టును, ఏనుగును గుర్తుపట్టదగి, అంచు చెడకున్నచో చాలును. నిగనిగలాడుదానికొఱకు ఇంటిఖర్చు తగ్గించుకొన నక్కఱలేదు. 1939 రూపాయి నిజమైనదని రూఢిపడినచో, అరిగినదే యైనను వదలుకొనరాదు. ఇంతకంటె మంచిది మఱల కంటబడునను నమ్మకము లేదు గనుక.

ఇంకను పైమెట్టున నున్నవానిని తలంపుడు. కోటిలింగాలలో సిముకుని పేరుగల శాతవాహన నాణెములు దొరకినవి. అంతకుముందు ఆ రాజును పురాణములవలనను, నానాఘాటు గుహలోని శాసనమువలనను ఎఱుగుదుము. ఆ చిన్ననాణెములు ఆయన పేరును మన గోదావరీతీరమునకు తెచ్చినవి. వానిమీద అక్షరము సగమే యున్నను, అంచు విఱిగియున్నను, పండితు లెవరైన వలదందురా? అట్టిచోట స్థితిని గూర్చి మాటలాడుటయే పాడిగాదు. అవి మ్యూజియములలో నుండదగినవి. మన కొనుగోళ్లకు సంబంధించినవి కావు. పాతకాలపు నాణెములన్నిటియందును ఇంకొక విశేషమున్నది. అచ్చు పెద్దది, నాణెము చిన్నది యగుటచే అక్షరము లన్నియు దానిమీద పడవు. అట్టివానిలో అరుగుదలకంటె, పేరు ఎంత పడినది, బొమ్మ నడుమ పడినదా అనునదియే ముఖ్యము.

మూడవవిధమైన అరుదుదనమును మఱవవలదని పైన చెప్పితిమి. రాగికాణీలు, అర్ధణాలు ఇందుకు నిదర్శనము. అవి కోట్లకొలది ముద్రింపబడినవి. కాని వెండిరూపాయివలె పెట్టెలలో దాగియుండక, సంతలోను, బడిపిల్లల చేతిలోను, కూరలబుట్టలోను తిరిగినవి. చెమట తగిలి నల్లబడినవి. చింతపండుతో తోమబడినవి. టంకసాలనాటి యెఱ్ఱనిచాయ నిలిచిన విక్టోరియా రాగికాణీ యొకటి దొరకినచో, దాని సంవత్సరము మిక్కిలి సామాన్యమైనదే యైనను, అది నిజముగా అరుదైనదే. 1943 మొదలు 1947 వఱకు వచ్చిన చిల్లికాణీలును ఇట్టివే. అరిగినవి డబ్బాలకొలది యుండును. చెమ్మ తగులనివి కొలదియే. ఇక్కడ స్థితియే అరుదుదనమగుచున్నది. కొంచెము సొమ్ము గలవారికి ఇంతకంటె మంచి సేకరణ మఱియొకటి లేదు.

రెండవ ప్రశ్న మొదటిదానికంటె ముఖ్యమైనది. కాలము చేసిన అరుగుదల నిందింపదగినది కాదు. ఆ నాణెము పదిమంది చేతులలో తిరిగి, ఉప్పుపప్పులు తెచ్చి, కూలివాని మొలలో నిదురించి వచ్చినదని ఆ యరుగుదల సాక్ష్యము చెప్పుచున్నది. వెండిమీద ఏండ్లతరబడి తనంత తాను పట్టిన నల్లనిచాయయు, నీలిచాయయు లోపములు కావు. అవి క్రింది లోహమును కప్పియుండును. సేకరించువారు వానికై యెక్కువ వెలయిత్తురు. చేయి చేసిన చెఱుపు అట్టిది కాదు. తోముట, ఆకురాయితో రుద్దుట, చిల్లి పొడుచుట, కొక్కెము అతుకుట, చెవి అంటించిన చోట ఆకురాయి పట్టించుట, ఇవి యన్నియు తిరిగి దిద్దరానివి. చింతపండు పులుసు వెండిబంగారములకు హానిచేయదని కొందఱందురు. నాణెముమీది సన్నని పైపొరతో పాటు టంకసాల నిగారింపును తీసికొనిపోవునది ఆ పులుపును, ఆ రుద్దుడును కలిసియే. నాణెము మాట యటుండ, దాని వెలలో సగమునకు పైగా ఆ పులుసులో కరగిపోవును.

పండుగనాడు లక్ష్మీపూజలో నాణెములుంచి, వానిని తోమి, పసుపుకుంకుమలు పూయుట మన యాచారము. ఆ యాచారమును మానుడని మేము చెప్పము. అందుకై యొక యుపాయమున్నది. ముఖము అరిగిపోయిన సామాన్యపు జార్జిరూపాయలను అయిదింటినో తొమ్మిదింటినో పూజకని వేఱుగా నుంచుడు. ఏటేట వానినే తోముడు, వానికే పూయుడు. తక్కినవానిని ముట్టకుడు. లక్ష్మీదేవికి కొఱతయుండదు, నాణెములకును చెఱుపుండదు.

కాసులపేరు సంగతి వేఱు. అందులోని కాసులకు చెవులు అతికియుండును గనుక, విడిగా నాణెములుగా చూచినచో వానికి తక్కువ వెలయే. అయినను ఆ పేరును విప్పి, చెవులు కోయించి కాసులుగా అమ్ముట రెండు విధముల నష్టము. అతికిన గుర్తు ఎన్నటికిని పోదు. పేరు యొక్క పనితనమును పోవును. అది నగగా పుట్టినది, నగగానే మిగులవలెను. అందలి కాసులలో ఏ దేశపు ఏ సంవత్సరపు నాణెములున్నవో మాత్రము చూచి వ్రాసియుంచుడు. బొంబాయిలో సవరనులు ముద్రింపబడినది 1918వ సంవత్సరమున మాత్రమే. సంవత్సరపు అంకెలపైన చిన్న యాంగ్ల "ఐ" అక్షరము వాని గుర్తు.

ఈ విషయమంతయు ఇంటిపాళ్లకు ఎట్లు సంబంధించునో చూపుదుము. ఒకయింట తోడికోడండ్రిద్దఱు అత్తగారి రూపాయలను పంచుకొనుచున్నారనుకొందము. రూపాయలు నలువది. న్యాయముగా తూచి, చెరి యిరువది తులములు తీసికొనిరి. పెద్దకోడలికి మెఱయునవి వచ్చినవి. చిన్నకోడలికి నల్లనివి వచ్చినవి. చిన్నకోడలు లోలోన నొచ్చుకొని, వానిని చింతపండుతో తెల్లగా తోమినది. ఆ నల్లనివానిలో ఒకటి 1939, రెండు 1911. తూకములో న్యాయము జరిగినను పంపకములో జరుగలేదు. చిన్నకోడలి చేతికి వచ్చిన అదృష్టమును ఆమెయే సగము కడిగివేసికొన్నది. ఇట్టి యిండ్లు పెక్కు గలవు. కావున నాణెములను పంచుకొనుటకు ముందు అందఱును కూడి, ఒక్కొక్కదాని సంవత్సరమును, రాజును, టంకసాల గుర్తును, స్థితిని కాగితముమీద వ్రాసికొనుడు. ఒక మధ్యాహ్నపు పని. దీనివలన అన్నదమ్ముల నడుమ, అక్కచెల్లెండ్ర నడుమ మాటలు రాకుండును.

అట్లు వ్రాయునపుడు కొన్ని సంగతులు తెలిసియుండవలెను. 1877 మొదలు విక్టోరియాను రాణియని గాక, చక్రవర్తినియని వ్రాసిరి. 1862 అని యున్న రూపాయలన్నియు ఆ యేటివే కావు. 1874 వఱకును అదే సంవత్సరము వేసి, చిన్నచిన్న చుక్కలతో భేదము చూపిరి. ఆ చుక్కల లెక్కలో సామాన్యమైనవియు, అరుదైనవియు కలవు. నైజాము చార్మినారు రూపాయిలో, చార్మినారు ద్వారమునందున్న చిన్న యరబ్బీ యక్షరము "మీమ్" అయినచో మహబూబ్ అలీఖాను కాలము. "ఐన్" అయినచో ఉస్మాన్ అలీఖాను కాలము. స్వతంత్రభారత నాణెములలో సంవత్సరము క్రింద చుక్క, వజ్రము, నక్షత్రము వంటి గుర్తులు టంకసాలను తెలుపును, నక్షత్రము హైదరాబాదుది. హైదరాబాదు టంకసాల 1803వ సంవత్సరమున పుట్టి, 1997లో చర్లపల్లికి తరలినది. సైఫాబాదులోని పాతభవనమున 2022లో మ్యూజియము తెఱువబడినది. పిల్లలను వెంటబెట్టుకొని చూడదగినచోటు.

అరుదుదనమున్న చోట మోసమును ఉండును. 1938 రూపాయిలోని 8ని చెక్కి 9గా దిద్దినవియు, పోతపోసిన నకిలీలును కలవు. కొనుటకు ముందు భూతద్దముతో అంకెల చుట్టును చూడుడు, తూచి చూడుడు, తెలిసినవారికి చూపుడు. అరిగిన నిజమైన నాణెము మెఱయు నకిలీకంటె వేయిరెట్లు మేలు. ఇంకొక మాట. సీతారామలక్ష్మణుల బొమ్మలతో, ఈస్టిండియా కంపెనీ పేరుతో, 1818 అను సంవత్సరముతో నుండు ఇత్తడి, రాగి బిళ్లలు పెక్కు దేవుని పెట్టెలలో నున్నవి. కంపెనీవారు అట్టి నాణెములను ఎన్నడును ముద్రింపలేదు. భక్తితో పూజించుటకు అవి తగును; లక్షలు తెచ్చునను మాట కల్ల. చేతిఫోనులలో వచ్చు ప్రకటనలను నమ్మి, ముందుగా రుసుము కట్టి మోసపోయినవారు కలరు. భారత రిజర్వుబ్యాంకు 2021 ఆగస్టులో ఇట్టివారిని గూర్చి ప్రజలను హెచ్చరించినది. పాతనాణెములు కొనుటకు, అమ్ముటకు తన పేరుతో రుసుమడుగు అధికారము ఎవరికిని లేదని తెలిపినది.

చట్టమును గూర్చి రెండు మాటలు. భూమిలో దొరకిన నిక్షేపము పదిరూపాయల విలువ మించినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878వ సంవత్సరపు చట్టము. నూఱేండ్లు దాటిన ప్రాచీనవస్తువులను, నాణెములతో సహా, సొంతముగా విదేశములకు పంపరాదని 1972వ సంవత్సరపు చట్టము. విదేశములనున్న బిడ్డలకు నాయనమ్మగారి విక్టోరియారూపాయిని పంపదలచు తల్లులు దీనిని గుర్తుంచుకొనవలెను. పందిరూపాయికి కూడ ఇప్పటికే నూఱేండ్లు నిండినవి.

భద్రపఱచుట సులభము. నాణెమును అంచులనుపట్టి యెత్తుడు. బొమ్మమీద వ్రేలు మోపకుడు. మట్టి యంటియున్నచో మంచినీటిలో కొంతసేపుంచి, రుద్దక, మెత్తని గుడ్డపై ఆరబెట్టుడు. ఒక్కొక్కదానిని వేఱువేఱు కాగితపు పొట్లములో నుంచుడు. మెత్తని పి.వి.సి. ప్లాస్టికు సంచులు వలదు. కొంతకాలమునకు అవి జిగటపట్టి నాణెములను పచ్చబఱచును. రబ్బరు పట్టీలు వెండిని నల్లబఱచును. చెమ్మలేనిచోట నుంచిన చాలును.

ఇక మా సోదరి ప్రశ్నకు మా సమాధానము. నెలనెల మిగుల్చుకొనునది కొంచెమైనచో, మొదటి సంవత్సరము అరుదుదనపు జోలికి పోవలదు. సామాన్యమైన నాణెములను, తోమనివానిని, చక్కనివానిని నెలకొకటి చొప్పున కొనుడు. నాలుగు కొనదగిన సొమ్ముతో ఒక్కటి, కాని ఏఱి కొనుడు. పండ్రెండు నాణెములు చేతికి వచ్చునప్పటికి మీ కన్ను తానే పదునెక్కును. మెఱపునకును నిగారింపునకును భేదము తెలియును. రెండవయేట, ఓపికపట్టినను మఱల కంటబడనిదని తోచిన నాణెము నొకదానిని, అరిగినదే యైనను కొనుడు. చేయి చేసిన చెఱుపు గలదానిని మాత్రము ఎంత అరుదైనదైనను, దానివలన నేర్చుకొనదగినది ఏమైన నున్నప్పుడే, చవుకగా వచ్చినప్పుడే తీసికొనుడు.

మీ యత్తగారు దాచిన నాణెములమాట వేఱు. అవి అరిగినవా, అరుదైనవా అని యెంచి అమ్ముటకును, మార్చుటకును తొందరపడకుడు. వానితో పాటు, ఏ పుట్టింటివారు పెట్టిరో, ఏ పెండ్లిలో వచ్చినవో, ఏ కఱవులో ఖర్చుచేయక దాచిరో ఒక కాగితముమీద వ్రాసి పొట్లములో నుంచుడు. నాణెము దొరకును గాని, ఆ కథ మఱియొకచోట దొరకదు.

వచ్చు మాసమున పట్టుచీరల జరీని కాపాడు విధమును గూర్చి వ్రాయుదుము.